డైరీ ఫార్మ్ బాలింత బెంగ ఎవరి లెక్కలో ఉంది?

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురంగా మార్చారు. ఊరి పేరు మారింది గానీ డైరీ ఫార్మ్ పేరు డైరీ ఫార్మ్‌గానే ఉంది. అక్కడి కూలి కుటుంబాల బతుకులూ అలాగే ఉన్నాయి. ఈ పేటలో ఒక బిడ్డ పుడితే ప్రభుత్వం చాలా లెక్కలు రాసుకుంటుంది. బిడ్డ బరువెంత, ఏ టీకా ఏ తేదీన వేయాలి, కాన్పు మామూలుదా ఆపరేషనా, తల్లికి రక్తం ఎంత ఉంది, అన్నీ రాస్తారు. ఇవన్నీ రాయాల్సినవే. కానీ ఆ తల్లి రాత్రి ఏడ్చిందా, బిడ్డను ఎత్తుకోవాలంటే భయపడుతోందా, చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనుకుందా అని అడిగే మనిషి మాత్రం కనపడరు.

కాన్పు తర్వాత వచ్చే మానసిక కుంగుబాటు గురించి మాట్లాడితే మనవాళ్ళలో చాలామంది అది డబ్బున్నవాళ్ళ జబ్బు అంటారు. "మా అమ్మ ఆరుగురిని కంది, ఏ డిప్రెషనూ రాలేదు" అంటారు. వచ్చిందో రాలేదో ఆమెను ఎవరు అడిగారు? అడగని ప్రశ్నకు జవాబు దొరకదు. దొరకలేదు కాబట్టి జబ్బే లేదనడం మన దేశంలో పేదల విషయంలో, దళితుల విషయంలో, ఆడవాళ్ళ విషయంలో పాతకాలం నుంచీ నడుస్తున్న పద్ధతి.

ముందు జబ్బు సంగతి స్పష్టంగా చెప్పుకుందాం. కాన్పైన రెండు మూడు రోజులకు చాలామంది తల్లులకు ఉన్నట్టుండి ఏడుపు వస్తుంది, చిరాకు వస్తుంది, మనసు నిలకడగా ఉండదు. సగం మందికి పైగా తల్లుల్లో కనిపించే ఈ స్థితి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అది జబ్బు కాదు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, తాను పనికిరాని తల్లినని పదే పదే అనిపిస్తే, బిడ్డ మీద మనసు పోకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు. కాన్పైన మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. కొందరికి గర్భంతో ఉన్నప్పుడే మొదలవుతుంది. ఇక మూడోది ప్రసవానంతర ఉన్మాదం. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. లేని మాటలు వినపడటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు, రోజుల తరబడి నిద్ర లేకపోవడం దీని గుర్తులు. దీన్ని మన ఊళ్ళలో 'గాలి సోకింది' అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. నిజానికి అది ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన అత్యవసర స్థితి.

ఎంతమందికి వస్తుంది? మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, అంటే 20 వేలకు పైగా తల్లుల వివరాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. నూటికి 22 మంది తల్లుల్లో ఈ కుంగుబాటు ఉందని తేల్చింది. దక్షిణాది అధ్యయనాల్లో అది 26 దాకా ఉంది. అంటే నలుగురైదుగురు బాలింతల్లో ఒకరు. ఇంత పెద్ద సంఖ్యలో వచ్చే జబ్బు ఇంకేదైనా అయితే ఊరూరా బోర్డులు పెట్టేవాళ్ళు.

కారణాల విషయంలో ఆ సమీక్ష చెప్పినదాన్ని మనం జాగ్రత్తగా చదవాలి. డబ్బు ఇబ్బందులు, ఇంట్లో హింస, భర్తతో గొడవలు, భర్త తోడు లేకపోవడం, గతంలో మానసిక జబ్బు ఉండటం, ఆడపిల్ల పుట్టడం. ఈ ఆరింటిలో ఒక్కటి తప్ప మిగతావన్నీ ఇంటివీ సమాజానివీ. అంతకు ముందే 2002లో విక్రమ్ పటేల్ బృందం గోవాలో చేసిన అధ్యయనం ఇదే దారిలో ఉంది. అక్కడ నూటికి 23 మంది తల్లుల్లో కుంగుబాటు కనిపించింది. పేదరికం, భార్యాభర్తల సంబంధం బాగోకపోవడం, పుట్టింది ఆడపిల్ల కావడం, ఇవి ఒకదాని మీద ఒకటి పడి తల్లిని కుంగదీస్తున్నాయని వాళ్ళు చూపించారు. అదే ఏడాది తమిళనాడు పల్లెల నుంచి వచ్చిన మరో అధ్యయనం అత్తతో, కన్నవాళ్ళతో సంబంధాలు చెడటాన్ని, ఇంటిపనిలో సాయం చేసే మనిషి లేకపోవడాన్ని కూడా ఈ జాబితాలో చేర్చింది. హార్మోన్లు అందరు తల్లుల్లోనూ పడిపోతాయి. అందరూ కుంగిపోరు. ఎవరు కుంగిపోతారో నిర్ణయించడంలో సమాజం చెయ్యి పెద్దది.

ఇప్పుడు ఈ జాబితాను డైరీ ఫార్మ్‌కు, జంగ్లీఘాట్‌కు తెచ్చి చూద్దాం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కట్టడం పనులకు, రోజుకూలీకి వచ్చిన కుటుంబాలు వీటిలో చాలా ఉన్నాయి. కొన్ని ఇళ్ళలో మూడో తరం నడుస్తోంది. అయినా పెళ్ళి సంబంధాలు మాత్రం ఇప్పటికీ సముద్రం అవతలి నుంచి వస్తాయి. అలా కోడలిగా వచ్చిన పిల్ల పందొమ్మిది, ఇరవై ఏళ్ళకే ఇక్కడ తల్లి అవుతుంది.

తెలుగు నేల మీద తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. ఆ ఆచారంలో ఎన్ని లోపాలున్నా ఒక మంచి ఉంది. బాలింతకు కొన్ని వారాలైనా తన తల్లి చేతి ముద్ద, తన తల్లి పక్కన నిద్ర దొరుకుతాయి. బిడ్డను వేరే చేతులు ఎత్తుకుంటాయి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో రావాలంటే రెండు రోజుల పైనే పడుతుంది. ఆ ఓడ కూడా రోజూ ఉండదు. విమానం టికెట్టు కూలి కుటుంబానికి అందేది కాదు. అందువల్ల పుట్టిల్లు రాదు, పుట్టింటికి పోవడమూ కుదరదు. భర్త వేటకు పోతే ఇంట్లో ఉండడు, కూలికి పోతే చీకటి పడేదాకా రాడు. ఒక్క గదిలో, పాలు సరిగ్గా పడక ఏడ్చే బిడ్డతో, భాష తెలియని పక్కింటివాళ్ళ మధ్య ఆమె ఒక్కతే. పరిశోధకులు 'సామాజిక మద్దతు లేకపోవడం' అని రాసే ఆ మూడు మాటలకు ఇక్కడ అర్థం ఇది.

భాష సంగతి వేరుగా చెప్పాలి. ఈ దీవుల్లో అందరినీ కలిపే భాష హిందీ. ఆసుపత్రిలో నర్సు మలయాళీ కావచ్చు, తమిళం మాట్లాడే మనిషి కావచ్చు, బెంగాలీ కావచ్చు. రోగితో మాట్లాడేది హిందీలోనే. కవిటి నుంచో సోంపేట నుంచో వచ్చిన పిల్లకు కూరగాయలు కొనేంత హిందీ ఏడాదిలో వస్తుంది. మనసులో బాధ చెప్పుకునేంత హిందీ రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. పైగా మన తల్లులు డిప్రెషన్ అనరు. "ఒళ్ళంతా నీరసం", "గుండె దడగా ఉంది", "తల బరువు", "బెంగగా ఉంది" అంటారు. ఆ మాటల వెనక ఏముందో వినే ఓపిక లేకపోతే ఒక ఐరన్ మాత్ర, ఒక నొప్పి మాత్ర ఇచ్చి పంపుతారు. రక్తహీనతకు, థైరాయిడ్‌కు పరీక్ష చేయాల్సిందే. అవి కూడా కుంగుబాటును పెంచుతాయి, కొన్నిసార్లు దాని వేషంలో వస్తాయి. కానీ పరీక్ష అక్కడితో ఆగిపోకూడదు.

ఇక కులం. ఈ విషయం చాలామంది పాఠకులకు కొత్తగా ఉండొచ్చు. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితా లేదు. రాజ్యాంగం 341వ అధికరణ కింద రాష్ట్రపతి ఏ రాష్ట్రానికి, ఏ కేంద్రపాలిత ప్రాంతానికి ఆ జాబితా ఆ ప్రాంతానికే. ఇక్కడికి ఏ కులాన్నీ ప్రకటించలేదు. అందుకే 2011 జనగణనలో ఈ దీవుల్లో ఎస్సీ జనాభా లేదు. మాల, మాదిగ, రెల్లి కుటుంబం ఏదైనా ఓడ దిగిందంటే కాగితం మీద కులం పోతుంది. మనుషుల మధ్య మాత్రం పోదు. పెళ్ళి సంబంధాల్లో ఉంటుంది, అద్దె ఇంటి కోసం వెళితే 'మీరేమిట్లు' అనే ప్రశ్నలో ఉంటుంది. పాకీ పని, చెత్త పని ఎవరి చేతికి వస్తుందనే దాంట్లో ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్ళిన చోట వర్తించదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు కేసు అది, ఆంధ్రప్రదేశ్ నుంచి మహారాష్ట్రకు వెళ్ళిన ఒక తెలుగు విద్యార్థి కేసు. కులం వలస వెళ్ళదని చట్టం అనుకుంది. కులానికి ఆ సంగతి తెలియదు.

దీనికీ బాలింత కుంగుబాటుకూ సంబంధం ఏమిటని అడగొచ్చు. సంబంధం రెండు రకాలుగా ఉంది. మొదటిది, దేశంలో ఎస్సీలు, ముస్లింలు అగ్రకుల హిందువుల కంటే ఎక్కువ దిగులు, ఆందోళన చెబుతున్నారని, ఆస్తి, చదువు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోవడం లేదని ఆశిష్ గుప్తా, డయాన్ కోఫీ 2020లో ప్రచురించిన పరిశోధన చూపింది. అవమానం ఒంటికి ఎక్కుతుంది. గర్భం, కాన్పు ఆ ఒంటి మీదే జరుగుతాయి. కాన్పు గదిలో తిట్లు, చెంపదెబ్బలు, సమాధానం చెప్పకుండా చేసే పరీక్షలు మన దేశంలో ఎన్నో అధ్యయనాలకు ఎక్కాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ప్రసవ సమయంలో అవమానాన్ని, దౌర్జన్యాన్ని హక్కుల ఉల్లంఘనగా ప్రకటించింది. అలాంటి కాన్పు తర్వాత కుంగుబాటు వచ్చే అవకాశం ఎక్కువ. ఎవరిని తిడతారు, ఎవరిని 'మేడమ్' అంటారు అనేది మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రెండోది, లెక్క లేని మనిషికి పథకం ఉండదు. ఈ దీవుల్లో దళిత తల్లులు ఎంతమంది, వాళ్ళలో ఎంతమంది కుంగుబాటులో ఉన్నారు, ఎంతమంది ప్రాణం తీసుకున్నారు అని అడిగితే ఏ కార్యాలయం చెప్పగలదు? జాబితాయే లేనప్పుడు ఆ ప్రశ్నకు గడి ఎక్కడ?

పురిటి మైల సంగతీ మరచిపోకూడదు. ఏ శాస్త్రం బిడ్డ పుట్టుకను మైల అందో, ఆ శాస్త్రమే బొడ్డు కోసే పనిని అంటరాని ఆడదాని చేతిలో పెట్టింది. మైల పేరుతో బాలింతను మూల గదిలో పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. విశ్రాంతి కోసం విడిగా ఉంచడం వేరు, అంటుకోకూడదని విడిగా ఉంచడం వేరు. మనిషి మాట, మనిషి స్పర్శ ఎక్కువగా కావాల్సిన రోజుల్లో ఆమెను ఒంటరిని చేసే ఆచారం ఏ కులం ఇంట్లో ఉన్నా దాన్ని వదిలేయాలి. మన ఇళ్ళలో కూడా. పైకులాల నుంచి మనం తెచ్చుకున్న చెడ్డ సరుకుల్లో ఇదొకటి.

ఇప్పుడు కూలి సంగతి. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. ఇది పెద్ద సంస్థల్లో, సర్కారు కొలువుల్లో ఉన్నవాళ్ళకు అందుతుంది. ఈ దీవుల్లో డీఆర్ఎం అని పిలిచే రోజుకూలీలు ప్రభుత్వ శాఖల్లోనే ఏళ్ళ తరబడి పనిచేస్తారు. మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్ళకూ ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆ తీర్పు వచ్చి పాతికేళ్ళైంది. దాని పేరు విన్న కూలి తల్లి ఎంతమంది? ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు, చేపలు అమ్మేవాళ్ళకు, కాంట్రాక్టరు కింద రోడ్లు ఊడ్చేవాళ్ళకు ఆ పాటి ఆసరా కూడా లేదు. వాళ్ళకు మిగిలింది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మొదటి బిడ్డకు 5,000 రూపాయలు. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000. రెండోసారి మగబిడ్డ పుడితే లేదు, మూడో కాన్పుకు అసలే లేదు. 2013 ఆహార భద్రత చట్టం మాత్రం ప్రతి గర్భిణికీ, బాలింతకూ 6,000కు తగ్గకుండా ఇవ్వాలంది. ఆ 5,000ను 26 వారాలకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా రావు. ఆ డబ్బుతో ఏ తల్లి ఇంట్లో కూర్చోగలదు? కుట్లు మానకముందే పనికి పోయే తల్లిని ధైర్యంగా ఉండమని సలహా ఇవ్వడం ఆమెను ఎగతాళి చేయడమే.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ విషయాన్ని దాదాపు వందేళ్ళ కిందట చూశారు. 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును బలపరుస్తూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలని వాదించారు. తర్వాత వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా గనుల్లో పనిచేసే ఆడవాళ్ళ ప్రసూతి చట్టానికి సవరణలు తెచ్చారు. ఆయన ఇంట్లో ఆ బాధ తెలియనిది కాదు. రమాబాయి అయిదుగురు బిడ్డల్ని కని నలుగురిని మట్టికి ఇచ్చింది. మనం ఆమె త్యాగాన్ని పొగుడుతాం, పాటలు పాడతాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మళ్ళీ గర్భం వచ్చినప్పుడు కుంగుబాటు ముప్పు ఎక్కువని ఈనాటి వైద్యం చెబుతోంది. రమాబాయి దుఃఖాన్ని ఆ కోణంలో తలచుకున్న రోజున మన ఇంటి రమాబాయిల దుఃఖం కూడా మనకు కనపడుతుంది. త్యాగమూర్తి అని పేరుపెట్టి తల్లిని నోరెత్తకుండా చేయడం మన ఉద్యమ ఇళ్ళలోనూ ఉంది. దాన్ని ఒప్పుకోవాలి.

దీనికి మందు లేదా? ఉంది, ఖరీదైనదీ కాదు. 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పత్రం ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. అయిదు నిమిషాల పని. అందులో పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించి. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో అతిఫ్ రెహమాన్ బృందం సాధారణ ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి తల్లుల ఇళ్ళకు పంపింది. మందులు లేవు, మాటలతోనే పని. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు సందర్శనలు పొందిన తల్లుల్లో 53 శాతం మంది ఇంకా కుంగుబాటులో ఉన్నారు. శిక్షణ పొందిన కార్యకర్తలు వెళ్ళిన తల్లుల్లో అది 23 శాతానికి దిగింది. ఈ ఫలితం 2008లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ పద్ధతినే తర్వాత గోవాలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళతోనే నడిపి చూశారు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకు మందులు కావాలి. పాలిచ్చే తల్లులు డాక్టరు సలహాతో వాడగలిగే మందులు ఉన్నాయి. మందు వేసుకుంటే పాలు విషమవుతాయని భయపెట్టి మాన్పించడం ప్రమాదం. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డల వార్డు నడుస్తోంది. సముద్రం మధ్య ఉన్న ఈ దీవుల్లో, కార్ నికోబార్ నుంచి, డిగ్లిపూర్ నుంచి కష్టమైన కాన్పులన్నీ వచ్చే ఈ ఊళ్ళో అలాంటి నాలుగు మంచాలు పెట్టడం అసాధ్యమా?

మనం అడగాల్సినవి ఇవి. కాన్పు తర్వాత 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలని ఇప్పటికే నిబంధన ఉంది. ఆ రాకల్లో బిడ్డను తూచిన తర్వాత తల్లిని రెండు ప్రశ్నలు అడగాలి. అత్త, భర్త పక్కన లేనప్పుడు అడగాలి. అడిగే కార్యకర్తకు శిక్షణతో పాటు అదనపు డబ్బు ఇవ్వాలి, ఆమె కూడా మన బస్తీ ఆడదే. ప్రశ్నలు తెలుగులో, బెంగాలీలో, తమిళంలో, నికోబారీలో ఉండాలి. ఆసుపత్రిలో ఈ భాషలు వచ్చిన సలహాదారులు ఉండాలి. రోజుకూలీ తల్లులకు 2000 నాటి తీర్పు ప్రకారం సెలవూ జీతమూ ఇచ్చారో లేదో ప్రతి శాఖ లెక్క చెప్పాలి. మాతృ వందనకు బిడ్డల సంఖ్య షరతు, ఆడా మగా షరతు తీసేయాలి. బాలింత ఆత్మహత్యను వేరే కేసుగా పక్కన పెట్టకుండా ప్రసూతి మరణంగా లెక్కించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 2012 నుంచే అలా చెబుతోంది. 2027 జనగణనలో కులం లెక్క ఉంటుందని కేంద్రం ప్రకటించింది. ఎన్యూమరేటరు డైరీ ఫార్మ్ గడప ఎక్కినప్పుడు మన కులం పేరు మనం చెప్పాలి, అది రాశారో లేదో చూసుకోవాలి. ఈ దీవులకు ఎస్సీ జాబితా కావాలన్న డిమాండుకు ఆ అంకె పునాది అవుతుంది.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయగలిగింది కూడా ఉంది. అంబేడ్కర్ జయంతికి పందిరి వేసే మన సంఘాలు ఆ పేటలో ఈ నెల కాన్పైన తల్లులెవరో తెలుసుకోవచ్చు. ఇద్దరు ఆడవాళ్ళు వారానికి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళి ఒక పూట వంట చేసి, బిడ్డను ఎత్తుకుని, తల్లిని రెండు గంటలు పడుకోనివ్వొచ్చు. సముద్రం అవతలి పుట్టింటికి బదులు ఈ పేటే పుట్టిల్లు కావచ్చు. భర్తలు రాత్రి ఒకసారి లేచి బిడ్డ గుడ్డలు మార్చితే మగతనం పోదు. ఆడపిల్ల పుట్టిందని మొహం ముడుచుకునే అత్తకు మన సభల్లో సావిత్రిబాయి పేరు ఎత్తే అర్హత లేదని మొహం మీదే చెప్పాలి. కుంగుబాటు గుర్తులు కనపడితే 14416కు ఫోన్ చేయండి. అది 2022 నుంచి నడుస్తున్న టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. చావు మాట ఎత్తినా, బిడ్డకు ఏదో అవుతుందని వింత మాటలు మాట్లాడినా ఫోన్‌తో ఆగకుండా, ఆమెను ఒంటరిగా వదలకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నలుగురైదుగురు తల్లుల్లో ఒకరు. ఈ పూట డైరీ ఫార్మ్‌లో ఎన్ని ఉయ్యాలలు ఊగుతున్నాయో లెక్కపెట్టుకుంటే, ఎన్ని గడపలు తొక్కాల్సి ఉందో మనకే తెలుస్తుంది.